పగటి ముహూర్తానికి పట్టంచు గద్వాల చీర

కర్నూలులో వైశాఖ మాసపు పగటి ముహూర్తానికి పెళ్లికూతురి తల్లి ఏ చీర కట్టుకోవాలని అడిగితే, ఏ బట్టల దుకాణంలోనైనా ముందుగా పరిచి చూపించేది కంచిపట్టునే. అందులో తప్పుపట్టవలసింది లేదు. ఫొటోలో దానంత నిండుగా కనిపించే చీర మరొకటి దొరకడం కష్టమే. అయితే దుకాణంలో అద్దం ముందు నిలబడి కొంగును భుజాన వేసుకుని చూసుకోవడం వేరు, పెళ్లినాడు తెల్లవారుజాము నుంచి భోజనాల పంక్తులు ముగిసేదాకా ఆ చీరతోనే మెలగడం వేరు. పెళ్లికూతురి తల్లి పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, కన్యాదానం వేళ భర్త అల్లుడి కాళ్లు కడుగుతుంటే వంగి చెంబుతో నీళ్లు పోయాలి, హోమం సెగకు దగ్గరగా నిలబడాలి, వచ్చినవారి దగ్గరకల్లా వెళ్లి పలకరించాలి. ఇన్నింటి మధ్యా ఆమె చీరను సర్దుకుంటూ ఉండకూడదు. మా అమ్మాయి పెళ్లికి నేను ఎంచుకున్నది నూలు బాడీకి పట్టు అంచు, పట్టు కొంగు ఉన్న గద్వాల చీర. ఆ చీరనూ, దానికి కుట్టించిన జాకెట్టునూ కలిపే ఇక్కడ సమీక్షిస్తున్నాను, ఎందుకంటే ఒంటికి నప్పడంలోనూ హాయిగా ఉండడంలోనూ సగం పాత్ర జాకెట్టుదేనని నా అభిప్రాయం.

గద్వాలకు ముందు నేను పరిశీలించిన వాటి గురించి కొద్దిగా చెప్పాలి. ఉప్పాడ జామ్దానీ తేలికలో సాటిలేనిది, కానీ ఆ పలచని పట్టు మీద నీటి చుక్క పడితే మరక నిలిచిపోతుందన్న భయంతో కన్యాదానానికి కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. మంగళగిరి పట్టు నాకు ఎంతో ఇష్టమైన నేత. అయితే బాడీలో బుటా కూడా లేని ఆ నిరాడంబరత నిశ్చితార్థానికి సరిపోయినంతగా ముహూర్తానికి సరిపోదని ఇంట్లో అందరూ అన్నారు. ఆర్గంజా చీర గాలికి బుడగలా ఉబ్బి, ఉన్న నడుముకు మరో నాలుగంగుళాలు కలుపుతుంది. దుకాణాల్లో ఫ్యాన్సీ పట్టు పేరుతో అమ్మే చీరల్లో ఎక్కువ భాగం పాలిస్టర్ కలిసినవే కనుక మే నెలలో వాటి గురించి మాట్లాడుకోవడమే అనవసరం. చివరికి పోటీ కంచిపట్టుకూ గద్వాలకూ మధ్య మిగిలింది. మా వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే నా పాత కంచిపట్టు 860 గ్రాములు తూగింది, కొత్తగా కొన్న గద్వాల చీర 480 గ్రాములు తూగింది. ఆరు గజాల బట్టలో ఈ తేడా చేతిలో పట్టుకున్నప్పుడు అంతగా తెలియదు కానీ, నడుము దగ్గర బొందు లాగి కట్టుకుని మూడు గంటలు నిలబడిన తరువాత మాత్రం బాగా తెలుస్తుంది.

గద్వాల చీరల్లో మూడు రకాలు బజారులో కనిపిస్తాయి. బాడీ అంతా నూలుగా ఉండి అంచూ కొంగూ మాత్రం పట్టుతో నేసినవి ఒక రకం. బాడీలోనే పట్టూ నూలూ కలిసిన సీకో చీరలు రెండో రకం. మొత్తం పట్టుతో నేసినవి మూడో రకం. ఎండకాలపు పెళ్లికి నేను మొదటి రకాన్నే గట్టిగా సిఫారసు చేస్తాను. ఈ నేతలోని ప్రత్యేకత అంచు కలిసే చోట ఉంటుంది. మామూలు చీరలో పేక పోగు, అంటే అడ్డంగా నేసే దారం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కటే కావడం వల్ల బాడీ రంగు అంచులోకి వచ్చి, అంచు రంగు ఎంతో కొంత మసకబారుతుంది. గద్వాల కుట్టు నేతలో బాడీకి ఒకటి, రెండు అంచులకు చెరొకటి చొప్పున మూడు నాడెలు (పేక దారాన్ని అటూ ఇటూ నడిపే సాధనాలు) నడుస్తాయి. బాడీ పేక అంచు దాకా వెళ్లి, అక్కడ అంచు పేకతో మెలిక వేసుకుని వెనక్కి తిరుగుతుంది. అందువల్ల గంధం రంగు బాడీ పక్కన వంకాయ రంగు అంచు ఏ మాత్రం కలగాపులగం కాకుండా గీత గీసినట్టు నిలుస్తుంది. కొంగు దగ్గర నూలు పడుగుకు (నిలువు దారాలకు) పట్టు పడుగును కలిపి నేయడం మరో ఓపికైన పని. తిరుమల బ్రహ్మోత్సవాలకు శ్రీవారికి గద్వాల సంస్థానం పక్షాన ఏటా సమర్పించే ఏరువాడ జోడు పంచెలు నేసేదీ ఈ ఊరి నేతగాళ్లే అన్న సంగతి కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లలో అందరికీ తెలిసినదే. పెళ్లికి నూలు చీరా అని ముక్కు విరిచిన మా ఆడపడుచు, “స్వామివారికే గద్వాల నేత వెళ్తుంటే మనకేం తక్కువ వదినా” అని తనంత తానే సర్దుకుంది.

మాకు గద్వాల దగ్గరే కనుక అక్కడికే వెళ్లి కొన్నాం. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉండే నడిగడ్డ ప్రాంతం అది; 2016 నుంచి జోగుళాంబ గద్వాల జిల్లాకు ముఖ్యపట్టణం. ఊరిలోనే కాక రాజోలి వంటి చుట్టుపక్కల గ్రామాల్లోనూ మగ్గాలున్నాయి. అక్కడ కొంటే చౌకగా వస్తుందన్న మాట కొంతవరకే నిజం. నిజమైన లాభం ఏమిటంటే, ఒకే ధరలో చూడటానికి ఎక్కువ చీరలు దొరుకుతాయి, అడిగిన ప్రశ్నకు నేత తెలిసినవారు జవాబిస్తారు. నేను వెళ్లిన దుకాణంలోని పెద్దాయన చీరను మడత విప్పి, తిరగేసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “ఎనక్కి తిప్పి చూడండ్రి అమ్మా, పేక పోగు ఎక్కడ ఆగిందో మీకే తెలుస్తది” అన్నాడు. అంచు కలిసే గీత వెంట బాడీ పేక, అంచు పేక ఒకదానిలో ఒకటి చిక్కుకుని సన్నని రంపపు పళ్లలా కనిపించాయి. మరమగ్గం మీద అచ్చం ఇలాగే కనిపించేటట్టు చేసిన చీరలో ఆ మెలిక ఉండదు. బాడీ పోగే నేరుగా అంచులోకి వెళ్లిపోతుంది, లేదా వెనుక కత్తిరించిన పోగులు వేలాడుతుంటాయి. చీరలు సహా కొన్ని రకాల వస్త్రాలను చేనేతకు కేటాయించే చట్టం 1985లోనే వచ్చినా, మరమగ్గపు గద్వాల చీరలు ప్రతి పెద్ద ఊరి బజారులోనూ అమ్ముడవుతూనే ఉన్నాయి కనుక ఈ పరీక్ష కొనేవారే చేసుకోవాలి. ఇక సిల్క్ మార్క్ చీటీ స్వచ్ఛమైన పట్టు బట్టకు ఉద్దేశించినది; నూలు బాడీ చీరకు అది లేదని అనుమానపడనక్కరలేదు. చూడవలసింది చేనేత గుర్తును. జరీ విషయంలో మాత్రం మాట మీద ఆధారపడకుండా బిల్లు మీద రాయించుకోవడం మంచిది, ఎందుకంటే వెండి తీగ మీద బంగారు పూత ఉన్న జరీకి, రాగి తీగతో చేసిన టెస్టెడ్ జరీకి ధరలో చాలా వ్యత్యాసం ఉంటుంది, కొత్తలో చూపుకు మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి. నేను తీసుకున్నది టెస్టెడ్ జరీ చీర, 13,800 రూపాయలు.

ఇక నప్పడం సంగతి. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. దుకాణంలో అందరి కళ్లూ పడేది పది, పన్నెండు అంగుళాల పెద్దంచు చీరల మీద. అవి నిజంగానే చూడముచ్చటగా ఉంటాయి, కానీ పొట్టిగా ఉన్నవారి మీద ముదురు రంగు పెద్దంచు మోకాళ్ల దగ్గర అడ్డగీత గీసి మనిషిని రెండు ముక్కలుగా చూపిస్తుంది. అందుకని అయిదు అంగుళాల కోటకొమ్మ అంచు ఎంచుకున్నాను. కోటకొమ్మల మొనలు పైకి చూస్తూ ఉండడం వల్ల అంచు ఒక్కసారిగా ఆగిపోయినట్టు కాక మెల్లగా బాడీలో కలిసినట్టు కనిపిస్తుంది. దీనికన్నా ముఖ్యమైనదీ, దుకాణంలో ఎవరూ చెప్పనిదీ పై అంచు విషయం. రెండు వైపులా సమానమైన పెద్దంచు ఉన్న చీరలో పై అంచు నడుము దగ్గర లోపలికి దోపబడుతుంది. అంటే పట్టూ జరీ కలిసిన మందపాటి భాగమంతా, బొందు బిగించిన చోటే, అయిదారు మడతలుగా చేరుతుంది. దానివల్ల నడుము లావుగా కనిపించడమే కాక, జరీ చర్మానికి ఒరుసుకుని మధ్యాహ్నానికి ఎర్రగా గీతలు పడతాయి. పైన చిన్నంచు, కింద పెద్దంచు ఉన్న చీరను అడిగి తీసుకుంటే ఈ బాధ ఉండదు. నా చీర పై అంచు ముప్పావు అంగుళమే. అది దోపిన చోట మెత్తని నూలు తప్ప మరేమీ తగలలేదు.

నూలు నంబరు కూడా అడగవలసిన విషయమే. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ముతక నూలు బాడీకి గంజి కూడా తోడైతే కుచ్చిళ్లు ముందుకు పొడుచుకు వచ్చి పొట్ట లేనివారికి కూడా పొట్ట ఉన్నట్టు కనిపిస్తుంది. సన్నని నూలు చీరను అయితే ఒకసారి గంజి లేకుండా ఇస్త్రీ చేయించి కట్టుకుంటే, పట్టు అంచు బరువుకు కుచ్చిళ్లు కిందికి తిన్నగా దిగుతాయి. కంచిపట్టులో బట్ట మొత్తం బరువుగా ఉండి చేసే పనిని ఇక్కడ అంచు ఒక్కటే చేస్తుంది. నన్ను ఈ చీర వైపు మొగ్గేటట్టు చేసిన గుణం ఇదే.

జాకెట్టు దగ్గర నా మెప్పు కొంత తగ్గుతుంది, అది చీర తప్పు కాదు. చీరతో వచ్చిన పట్టు ముక్కను మా పేటలోని ఒక బొటిక్‌లో ఇచ్చాను. అక్కడ మొదట చెప్పిన సలహా వీపు నిండా మగ్గం వర్క్, చేతుల నిండా పూసలు, లోపల ప్యాడ్లు. ఈ రోజుల్లో పెళ్లి జాకెట్టు అంటే అదే ఆనవాయితీ కావచ్చు. అయితే పూసలూ జర్దోసీ తీగా చంక దగ్గరకు వచ్చినప్పుడు చేయి కదిపిన ప్రతిసారీ గీసుకుంటాయి, వెనుక భాగం బరువెక్కి భుజం జారుతుంది, పైగా అంత పని ఉన్న జాకెట్టు మీద గద్వాల అంచు అందం కంటికి ఆనదు. నేను చీర అంచునే మోచేతి దాకా చేతులకు వేయించి, మెడ చుట్టూ సన్నని పైపింగ్ ఒక్కటే పెట్టించాను. లోపలి లైనింగ్ విషయంలో మాత్రం చాలా పట్టుబట్టవలసి వచ్చింది. సాధారణంగా వేసేది పాలిస్టర్ కలిసిన లైనింగ్. అది చెమటను పీల్చదు, పట్టు మీదికి తోసేస్తుంది, అప్పుడు చంకల దగ్గర పట్టు రంగు మారుతుంది. ముందే నీళ్లలో తడిపి ఆరవేసిన మల్ గుడ్డను (పలచని మెత్తని నూలు బట్టను) నేనే కొని తీసుకెళ్లి ఇచ్చాను. తడపకుండా కుడితే మొదటి ఉతుకుకు లైనింగ్ కుంచించుకుపోయి పై పట్టు ముడతలు పడుతుంది.

కొలతల దగ్గర ఒక సంగతి చెప్పడం అవసరం. చంక భాగం వదులుగా, లోతుగా ఉంటే చేయి హాయిగా లేస్తుందని చాలామంది అనుకుంటారు, కొందరు దర్జీలూ అలాగే కుడతారు. జరిగేది దానికి విరుద్ధం. చంక కోత కిందికి దిగిన కొద్దీ చేయి ఎత్తినప్పుడు జాకెట్టు మొత్తం పైకి లేచి నడుము బయటపడుతుంది. కోత చంకకు దగ్గరగా, ఎత్తుగా ఉండి చేయి భాగం తగినంత వెడల్పుగా ఉంటే చేయి ఒక్కటే లేస్తుంది, జాకెట్టు తన చోటనే ఉంటుంది. అక్షింతలు వేయడానికీ, దీవించడానికీ, దండ అందించడానికీ రోజంతా చేతులెత్తే మనిషికి ఇది చిన్న విషయం కాదు. అందువల్ల ట్రయల్ రోజున అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకోవడంతో సరిపెట్టకుండా, రెండు చేతులూ ఎత్తి, నేల మీద కూర్చుని లేచి, వంగి చూసుకోవాలి. నా జాకెట్టు మొదటి ట్రయల్‌లో భుజం దగ్గర బాగున్నా ఛాతీ కింద బిగుతుగా ఉంది. ఛాతీ మీదుగా నిలువు అతుకు ఉండే ప్రిన్సెస్ కట్ కావడం వల్ల ఆ అతుకు దగ్గరే విప్పి సరిచేయగలిగారు. లోపల రెండు వైపులా అంగుళం చొప్పున గుడ్డ వదిలించడం కూడా అందుకే ముఖ్యం. పనితనం బాగుంది, కుట్టు కూలి 1,400 రూపాయలు న్యాయమే, అయితే చెప్పిన తేదీకి ఇవ్వకపోవడం మాత్రం క్షమించదగినది కాదు. పెళ్లి పనుల మధ్య “రేపు రండక్కా” అన్న మాట వినవలసి వచ్చిన ప్రతిసారీ ఆ పనితనం మీద ఉన్న గౌరవం కొంత కరిగిపోయింది. మా ఊరిలో మరో మంచి చేయి దొరికితే నేను మారిపోతాను.

లోపలి లంగా కూడా నూలుదే వేసుకున్నాను. శరీరానికి అతుక్కునే షేప్‌వేర్ లంగా నడుము సన్నగా చూపిస్తుందన్నది నిజమే, కానీ అందులో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం సాధ్యం కాదు; ఎండకాలంలో దాన్ని వేసుకునేవారి ఓర్పుకు నమస్కారం. సన్నని బొందుకు బదులు వెడల్పాటి నాడా ఎక్కించుకుంటే నడుముకు ఒరుసుకోదు. ఫాల్ వేయించడం అవసరమా అని కొందరు అడుగుతారు, ఎందుకంటే పట్టంచు తన బరువుకు తానే దిగుతుంది. అయినా వేయించాలి, అది కుచ్చిళ్ల కోసం కాదు, మెట్టెల కోసం. అంచు వెనుక వైపు వదులుగా ఉన్న జరీ పోగులు మెట్టెలకూ పట్టీల గజ్జెలకూ తగులుకుంటే ఒక్క అడుగులో లాగిపోతాయి. కుచ్చిళ్లను ముందుగానే మడిచి ఇస్త్రీ చేసి ఇచ్చే బాక్స్ ఫోల్డింగ్ సేవ కర్నూలులోనూ వచ్చింది. నూలు మడతను చక్కగా నిలుపుకుంటుంది కనుక ఈ చీరకు అది బాగా పనికివచ్చింది. ముహూర్తం ఉదయం చీర కట్టుకోవడం పది నిమిషాల్లో అయిపోయింది.

పెళ్లినాడు చీర తన పని తాను చేసింది. హోమం దగ్గర ఉక్కపోసినా నూలు బాడీ ఒంటికి అంటుకోలేదు. చెంబుతో నీళ్లు పోసేటప్పుడు ఒడిలో తడిసిన చోట భోజనాలకు ముందే ఆరిపోయింది, మరక కనిపించలేదు. పసుపు చేతులు తగిలిన చోట గంధం రంగు వల్ల పెద్దగా తెలియలేదు. తెల్లని, మీగడ రంగు చీరలు తీసుకునేవారు ఈ విషయం ఆలోచించుకోవాలి. ఫొటోల్లో వంకాయ రంగు అంచు, కొంగు పట్టుచీర అన్న భావాన్నే కలిగించాయి. చూసినవారిలో చాలామంది దాన్ని పూర్తి పట్టు అనే అనుకున్నారు.

అయినా లోపాలు లేకపోలేదు. నూలు నలుగుతుంది. పీట మీద గంట కూర్చుని లేచేసరికి వెనుక వైపు ముడతలు స్పష్టంగా కనిపించాయి, ఆ తరువాత వెనుక నుంచి తీసిన వీడియోలో అవి అలాగే ఉన్నాయి. కంచిపట్టులో ఇంతగా కనిపించవు. రెండోది కొంగు. బాడీ తేలిక, కొంగు బరువు కావడం వల్ల భుజం దగ్గర చీర ఎప్పుడూ వెనక్కి లాగుతూ ఉంటుంది. పిన్ను పెట్టక తప్పదు, పిన్ను పెడితే నూలు బాడీలో చిల్లు పడే ప్రమాదం ఉంది. దీనికి మా పిన్ని చెప్పిన ఉపాయం బాగా పనిచేసింది: పిన్నుకు ముందుగా ఒక చిన్న పూస ఎక్కించి తరువాత గుచ్చితే, ఆ పూస పిన్ను చుట్ట దగ్గర అడ్డంగా నిలిచి గుడ్డ అందులో ఇరుక్కోకుండా కాపాడుతుంది. మూడోది అన్నింటికన్నా పెద్దది. నీళ్లలో ఉతికితే నూలు కుంచించుకుంటుంది, పట్టు అంతగా కుంచించుకోదు. అప్పుడు రెండూ కలిసే గీత వెంట ముడుచుకున్నట్టు అలలు పడతాయి, ఎన్ని ఇస్త్రీలు చేసినా పూర్తిగా పోవు. ముదురు అంచు రంగు బాడీలోకి దిగడం మరో ముప్పు. నూలే కదా అని ఇంట్లో ఉతుక్కోవచ్చన్న ఆశతో కొనేవారికి ఈ చీర తగినది కాదు. దీనికీ డ్రై వాష్ ఖర్చు తప్పదు.

ఏసీ ఉన్న హాలులో రాత్రి ముహూర్తమైతే, కూర్చునే పనులు పెద్దగా లేని మేనత్తకో పిన్నికో అయితే, పూర్తి పట్టు గద్వాలే మేలు. ముడతల బెడద తగ్గుతుంది, బరువు కంచిపట్టు కంటే తక్కువే ఉంటుంది, ధర మాత్రం నా చీరకు దాదాపు రెట్టింపు చెప్పారు. పెళ్లికూతురికి నా చీరలాంటి నూలు బాడీ చీర రిసెప్షన్‌కు తేలిపోతుంది కానీ, మధుపర్కాలు మార్చుకున్న తరువాత అప్పగింతల వేళకు చాలా హాయిగా ఉంటుంది. దాచుకునే విషయంలో గుర్తుంచుకోవలసినవి మూడే ఉన్నాయి. సెంటు నేరుగా జరీ మీద కొట్టకూడదు. కలరా ఉండలు చీరకు తగలకుండా, చీరను పాత మల్ గుడ్డలో చుట్టి పెట్టాలి. జరీ ఒకే మడత దగ్గర విరగకుండా రెండు మూడు నెలలకొకసారి మడతలు మార్చి, నీడలో గాలికి ఆరవేయాలి.